శ్రుతి దించితే గిటార్ మెడ కదులుతుంది

1965. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ నగరం. ఇనుప రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తున్న పదిహేడేళ్ల కుర్రాడికి అదే ఆఖరి పనిరోజు. ఆ పూటే యంత్రం కింద చెయ్యి పడి కుడిచేతి మధ్యవేలు, ఉంగరపువేలు కొసలు తెగిపోయాయి. అతను గిటార్ వాయిస్తాడు, అదీ ఎడమచేతి వాటం. తీగలు నొక్కాల్సింది గాయపడిన ఆ వేళ్లతోనే. ప్లాస్టిక్ సీసాను కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, వాటి మీద తోలు అంటించుకున్నాడు. గట్టి తీగలు నొక్కలేక సన్నవి వెతుక్కున్నాడు. బ్లాక్ సాబత్ బృందంతో తరవాత ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న టోనీ అయోమీ ఆ కుర్రాడే.

1971లో వచ్చిన ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’ ఆల్బమ్‌లోని కొన్ని పాటలకు అయోమీ గిటార్ శ్రుతిని మూడు స్వరస్థానాలు కిందికి దించాడు. తీగల బిగువు తగ్గి వేళ్లకు హాయి కలిగింది. వాద్యం గొంతు కూడా బరువెక్కింది. బేస్ గిటార్ వాయించే గీజర్ బట్లర్ తన వాద్యాన్నీ అంత కిందికే దించాడు. ఆ తరవాత వచ్చిన హెవీ మెటల్ బృందాలెన్నో ఆ బరువైన ధ్వని వెంటే నడిచాయి.

ఇవాళ హైదరాబాద్‌లోనో విశాఖపట్నంలోనో నలుగురు కుర్రాళ్లు కలిసి బృందం కట్టి అలాంటి పాట ఎత్తుకున్నారంటే, బేస్ వాయించేవాడికి ఎదురయ్యే మొదటి చిక్కు ఇదే. బిరడాలు తిప్పి శ్రుతి దించుతాడు. తీగ మీటగానే మెడ మీద అడ్డంగా ఉండే లోహపు ఫ్రెట్లకు గరగరమని తగులుతుంది. పైన ఏడో ఫ్రెట్ దగ్గర పట్టిన స్వరం గిటార్‌తో కలవదు. లావు తీగ రబ్బరు పట్టీలా ఊగుతుంది. వాద్యం పాడైందేమోనన్న అనుమానం వస్తుంది. నిజానికి అందులో ఏ లోపమూ ఉండదు. ఒక బిగువుకు సరిపోయేలా అమర్చిన వాద్యాన్ని మరో బిగువులో వాయిస్తున్నారు, అంతే. కొత్త బిగువుకు మళ్లీ అమర్చుకుంటే సరిపోతుంది. వాద్యకారులు ఈ పనిని ‘సెటప్’ అంటారు.

మూడు బియ్యం బస్తాల బలం

అమెరికాలో లియో ఫెండర్ 1951లో ‘ప్రెసిషన్ బేస్’ను మార్కెట్‌లోకి తెచ్చాడు. అందులో తల వైపు తీగలు ఆనే నట్ నుంచి మొండెం మీద ఆనే బ్రిడ్జి దాకా తీగ పొడవు 34 అంగుళాలు. నేటికీ ఎక్కువ బేస్ గిటార్లకు అదే కొలత. వాటి నాలుగు తీగల్లో అన్నిటికంటే లావుది ‘ఇ’. అది సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. తరవాతివి ‘ఎ’, ‘డి’, ‘జి’. వాటి కంపనాలు వరసగా 55, 73, 98.

తీగ ఏ స్వరం పలకాలో మూడు విషయాలు నిర్ణయిస్తాయి: పొడవు, బిగువు, బరువు. వాటి మధ్య ఉన్న లెక్కను ఫ్రెంచి పండితుడు మారాఁ మెర్సెన్ 1636లోనే పుస్తకంలో రాసిపెట్టాడు. ఆ లెక్కలో బేస్ వాద్యకారుడికి అవసరమైన ముక్క ఒకటుంది. కంపనాలు సగానికి తగ్గాలంటే బిగువు నాలుగో వంతుకు పడిపోవాలి. అంటే స్వరం కొంచెం దిగినా బిగువు చాలా తగ్గుతుంది.

మామూలు సెట్‌లో ‘ఇ’ తీగగా 105 నంబరు తీగ వస్తుంది. అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో 105 భాగాల మందం అన్నమాట. ‘ఇ’ శ్రుతిలో అది సుమారు 18 కిలోల బలంతో లాగుతుంది. రెండు స్వరస్థానాలు దించి ‘డి’కి తెస్తే ఆ బలం 14న్నరకు పడుతుంది. నాలుగు దించి ‘సి’కి తెస్తే 11న్నర. అయిదు దించి ‘బి’కి తెస్తే పది కిలోల చిల్లర. తీగ అదే, పొడవూ అదే. బలం మాత్రం సగానికి దగ్గరపడింది.

ఇది ఒక్క తీగ సంగతి. 45, 65, 85, 105 నంబర్ల సెట్ వేస్తే నాలుగు తీగలూ కలిసి మెడను దాదాపు 80 కిలోల బలంతో లాగుతుంటాయి. అంటే మూడు బియ్యం బస్తాల పైమాటే. అవే తీగలతో అన్నిటినీ నాలుగు స్వరస్థానాలు దించితే అది 50 కిలోలకు వస్తుంది. ఒక బస్తాకు పైగా భారం ఒక్కసారి దిగిపోయినట్టు. కొయ్య మెడ ఆ తేడాకు కదలకుండా ఉండదు.

ముందు తీగలు, తరవాతే పానా

చాలామంది నేరుగా అలెన్ కీ తీసుకుని మెడ దగ్గరికి వెళ్తారు. అనుభవం ఉన్నవాళ్లు ముందు తీగల సంగతి తేలుస్తారు. ఎందుకంటే మిగతా సర్దుబాట్లన్నీ తీగను బట్టే ఉంటాయి. ఇవాళ సర్దుబాట్లు ముగించి రేపు తీగలు మారిస్తే పనంతా మళ్లీ మొదటికొస్తుంది.

బిగువు తగ్గకుండా స్వరం దించాలంటే తీగ బరువు పెంచాలి. రెండు స్వరస్థానాలు దించేవారికి 55, 75, 90, 110 నంబర్ల వంటి కాస్త లావు సెట్ చాలు. ‘బి’ దాకా దిగాలనుకునేవారికి సులువైన దారి ఉంది. అయిదు తీగల బేస్‌కు అమ్మే సెట్ కొని, అందులో సన్న ‘జి’ తీగను పక్కన పెట్టి, మిగతా నాలుగూ తమ వాద్యానికి ఎక్కించుకోవడమే. 130, 105, 85, 65 నంబర్ల ఆ తీగలు ‘బి, ఇ, ఎ, డి’ శ్రుతికి సరిపోతాయి. 130 నంబరు తీగ ‘బి’లో సుమారు 15న్నర కిలోల బలంతో నిలుస్తుంది. పాత తీగనే అంతదాకా దించితే దొరికే పది కిలోలతో పోలిస్తే ఇది ఎంతో నయం. పైగా నాలుగు తీగల మొత్తం లాగుడు మళ్లీ 80 కిలోల దగ్గరికే వస్తుంది. మెడకు తేడా పెద్దగా తెలియదు.

లావు తీగతో వచ్చే చిక్కులు వేరు. బ్రిడ్జి వెనక రంధ్రంలో అది పట్టకపోవచ్చు. బిరడా కడ్డీ చుట్టూ చక్కగా తిరగకపోవచ్చు. కొనేముందు ఈ రెండూ చూసుకోవాలి. కోసేటప్పుడు కూడా జాగ్రత్త పడాలి. కోయబోయే చోటుకు ముందే తీగను లంబకోణంలో మడిచి, ఆ మడతకు అవతల కోయాలి. మడవకుండా కోస్తే లోపలి తీగ మీద చుట్టిన చుట్లు వదులై, ధ్వని చచ్చిపోతుంది.

శ్రుతి దిగినా సెటప్ మార్చనక్కర్లేని సందర్భమూ ఒకటుంది. లావు తీగ ఒక్కదాన్నే ‘ఇ’ నుంచి ‘డి’కి దించే పద్ధతిని ‘డ్రాప్ డి’ అంటారు. రేజ్ ఎగెనెస్ట్ ద మెషిన్ బృందం 1992లో విడుదల చేసిన ‘కిల్లింగ్ ఇన్ ద నేమ్’ అందుకు బాగా తెలిసిన ఉదాహరణ. ఈ పద్ధతిలో 80 కిలోల్లో తగ్గేది నాలుగు కిలోలే. చాలా వాద్యాలకు అది లెక్కలోకి రాదు. కచేరీ మధ్యలో ‘ఇ’కి, ‘డి’కి మారుతూ ఉండాల్సినవారి కోసం హిప్‌షాట్ కంపెనీ మీట ఉన్న బిరడాను తయారుచేస్తోంది. మీట ఒక్కసారి తిప్పితే తీగ ‘డి’కి దిగుతుంది, తిరిగి నెడితే ‘ఇ’కి చేరుతుంది.

మెడలో దాగిన కడ్డీ

గిటార్ మెడ లోపల, ఫ్రెట్ బోర్డు కింద, ఒక ఉక్కు కడ్డీ ఉంటుంది. దాని పేరు ట్రస్ రాడ్. గిబ్సన్ కంపెనీలో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ సర్దుబాటు చేయగల ఈ కడ్డీకి 1921లో పేటెంట్ దరఖాస్తు పెట్టాడు, 1923లో పేటెంట్ దక్కింది. తీగలు మెడను ముందుకు లాగుతాయి, కడ్డీ వెనక్కి లాగుతుంది. తాడు లాగే పందెంలో రెండు పక్షాలూ సమానంగా ఉన్నంతసేపు తాడు కదలనట్టే మెడ కూడా నిలకడగా ఉంటుంది. శ్రుతి దించినప్పుడు తీగల పక్షం బలహీనపడుతుంది, మెడ వెనక్కి వంగుతుంది. నట్‌కు దగ్గరున్న మొదటి నాలుగైదు ఫ్రెట్ల దగ్గర గరగర మొదలవుతుంది.

మెడ పూర్తిగా చదునుగా ఉండకూడదు. కంపించే తీగ మధ్యలో ఎక్కువగా ఊగుతుంది, దానికి చోటు కావాలి. అందుకే మెడలో అతి స్వల్పమైన ముందు వంపు ఉంచుతారు. దీన్ని ‘రిలీఫ్’ అంటారు. కొలిచే పద్ధతి ఇది. వాద్యాన్ని కొత్త శ్రుతిలోకి తెచ్చి, వాయించే భంగిమలోనే ఒళ్లో పెట్టుకోవాలి. మొదటి ఫ్రెట్ మీద కాపో (తీగలను నొక్కిపట్టే బిగింపు) బిగించాలి. మెడ మొండెంతో కలిసేచోట ఫ్రెట్‌ను వేలితో నొక్కాలి. ఇప్పుడు ఆ తీగే తిన్నని కొలబద్ద అవుతుంది. ఏడు, ఎనిమిది ఫ్రెట్ల దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య ఎంత సందు ఉందో చూడాలి. ఫెండర్ కంపెనీ తన బేస్‌లకు సూచించే సందు, ఫ్రెట్ బోర్డు గుండ్రతనాన్ని బట్టి, మిల్లీమీటరులో పావు వంతు నుంచి మూడో వంతు దాకా ఉంటుంది. బైకు మెకానిక్కులు వాడే ఫీలర్ గేజ్‌తో దీన్ని కొలవచ్చు. అది దొరక్కపోతే కాస్త మందమైన విజిటింగ్ కార్డును సందులోకి జరిపి చూడవచ్చు. తీగను పైకి నెట్టకుండా, ఒరుసుకుంటూ కార్డు జారితే కొలత సుమారుగా కుదిరినట్టే.

సందు లేకపోతే కడ్డీని వదులు చేయాలి, ఎక్కువైతే బిగించాలి. దాని నట్టు కొన్ని వాద్యాల్లో తల వైపు ఉంటుంది, కొన్నింటిలో మొండెం వైపు. నట్టుకు ఎదురుగా కూర్చుని చూస్తే కుడికి తిప్పడం బిగింపు, ఎడమకు తిప్పడం వదులు. ఒకసారికి పావు చుట్టుకు మించి తిప్పకూడదు. తిప్పిన ప్రతిసారీ మళ్లీ శ్రుతి చేయాలి, కొంతసేపు ఆగాలి, మళ్లీ కొలవాలి. కొయ్య వెంటనే మాట వినదు, మెడ పూర్తిగా సర్దుకోవడానికి ఒక రాత్రి పట్టవచ్చు. నట్టు మొరాయిస్తే బలం పెట్టకుండా పని అక్కడే ఆపి, గిటార్లు బాగుచేసే నిపుణుడి దగ్గరికి తీసుకెళ్లాలి. తెగిన ట్రస్ రాడ్‌ను మార్చాలంటే తరచూ ఫ్రెట్ బోర్డునే విప్పాల్సి వస్తుంది.

వాతావరణం కూడా ఈ పందెంలో పాల్గొంటుంది. విశాఖ సముద్రపు తేమలో సరిచేసిన మెడ ఎండాకాలపు హైదరాబాద్‌లో అలాగే ఉండదు. తేమకు కొయ్య ఉబ్బుతుంది, పొడిగాలికి కుంచించుకుపోతుంది. ఊరు మారినప్పుడు, రుతువు మారినప్పుడు కొలత చూసుకోవడం అందుకే అవసరం.

గరగర ఎప్పుడు తప్పు?

తీగ దేనికో ఒరుసుకుని పలికే ధ్వని తెలుగువారికి కొత్త కాదు. తంబురా గుర్రం మీద తీగ కింద సన్నని దారం జరిపి, తీగ ఒరుసుకునేలా చేసి జీవాళి పలికిస్తారు. అక్కడ ఆ ఝంకారమే వాద్యానికి ప్రాణం. బేస్ గిటార్ పని వేరు. తాళానికి తగ్గట్టు గట్టిగా, స్పష్టంగా స్వరం మోయడం దాని పని. ఒరిపిడి ఎక్కువైతే కంపించే శక్తి ఫ్రెట్ల మీదే ఖర్చయిపోయి స్వరం తొందరగా ఆరిపోతుంది.

మెడ కుదిరాక కూడా గరగర మిగిలితే తీగల ఎత్తు చూడాలి. దీన్ని ‘యాక్షన్’ అంటారు. ఫెండర్ సూచన ప్రకారం 17వ ఫ్రెట్ దగ్గర లావు తీగల వైపు ఎత్తు సుమారు 2.4 మిల్లీమీటర్లు, సన్న తీగల వైపు 2 మిల్లీమీటర్లు. కిందిశ్రుతిలో తీగ మరింత విశాలంగా ఊగుతుంది కనుక లావు తీగను ఆ కొలతకన్నా కాస్త పైకి ఎత్తాల్సి రావచ్చు. బ్రిడ్జిలో ఒక్కో తీగకూ ఒక్కో శాడిల్, దానికి రెండు చిన్న స్క్రూలు ఉంటాయి. రెంటినీ సమానంగా తిప్పుతూ, గరగర పోయేంత మేరకే ఎత్తాలి. మెడ తప్పును ఎత్తుతో కప్పిపుచ్చితే తీగలు నొక్కలేనంత పైకి వెళ్తాయి. అందుకే మెడ ముందు, ఎత్తు తరవాత.

అవతలి కొసన ఉండేది నట్. తీగలు ఆనే ఈ చిన్న పలకలో ఒక్కో తీగకూ దాని మందానికి కోసిన గాడి ఉంటుంది. 105 నంబరు తీగకు కోసిన గాడిలో 130 నంబరు తీగ దిగదు, పైనే ఇరుక్కుంటుంది. అప్పుడు బిరడా తిప్పుతుంటే స్వరం కదలకుండా ఉండి, ఒక్కసారిగా ‘టిక్’ మని జారుతుంది. తీగను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి, మొదటి ఫ్రెట్ మీద సందు చూస్తే గాడి లోతు తెలుస్తుంది. వెంట్రుకవాసి సందు ఉంటే చాలు. సందు బాగా కనబడుతుంటే తీగ గాడిలో కూర్చోలేదన్నమాట. గాడిని వెడల్పు చేయడానికి ప్రత్యేకమైన ఆకురాళ్లు ఉన్నాయి. అయితే ఒకసారి ఎక్కువ అరిగిస్తే తిరిగి పూడ్చడం కష్టం. పాత నట్‌ను భద్రంగా దాచి, కొత్త నట్ చేయించుకోవడం మేలు. సన్న తీగలకు తిరిగి రావాలనిపిస్తే పాతది ఉంటుంది. తీగ కొద్దిగానే పట్టేస్తుంటే మాత్రం గాడిలో పెన్సిల్ ముల్లు రుద్దితే చాలు.

స్వరం కుదరడం

పన్నెండో ఫ్రెట్ తీగకు సరిగ్గా సగం దూరంలో ఉంటుంది. అక్కడ పలికే స్వరం విడి తీగ స్వరానికి పై స్థాయి కావాలి. నొక్కినప్పుడు తీగ కాస్త సాగి స్వరం కొద్దిగా పైకి పోతుంది. అదే సాగుడు వదులు తీగ స్వరాన్ని మరింత పైకి నెడుతుంది. పైగా లావు తీగ మొండిది, కొసల దగ్గర సులువుగా వంగదు. ఈ రెండు కారణాల వల్లే కిందిశ్రుతిలో పై ఫ్రెట్ల స్వరాలు ఎక్కువై వినిపిస్తాయి. దీన్ని సరిచేయడమే ఇంటొనేషన్.

పన్నెండో ఫ్రెట్ మీద తీగను వేలితో తాకీ తాకనట్టు ఆనించి మీటితే హార్మోనిక్ పలుకుతుంది. ట్యూనర్‌లో ఆ స్వరం చూసుకుని, అదే చోట తీగను నొక్కి మీటి పోల్చాలి. నొక్కిన స్వరం ఎక్కువైతే శాడిల్‌ను వెనక్కి జరపాలి, తక్కువైతే ముందుకు. ఎంత జరిపినా లావు తీగ స్వరం దిగకపోతే, శాడిల్ వెనక ఉన్న చిన్న స్ప్రింగు అడ్డుపడుతోందేమో చూడాలి. దాన్ని తీసేస్తే కొద్దిగా చోటు దొరుకుతుంది. ఈ పని కొత్త తీగలతోనే చేయాలి. పాతబడి మురికి పట్టిన తీగ ఎంత సరిచేసినా నిజం పలకదు. 30 కంపనాల దగ్గర కొన్ని ట్యూనర్లు, ఫోన్ యాప్‌లు స్వరాన్ని పట్టలేక తడబడతాయి. పన్నెండో ఫ్రెట్ హార్మోనిక్ మీటితే అవి సులువుగా పట్టుకుంటాయి.

వీణ ఎరిగినవారికి ఇది బాగా అర్థమవుతుంది. వీణ మెట్లను మైనంలో కూర్చి మేళం కడతారు. స్వరం తప్పితే ఆ మెట్టునే జరిపి సరిచేయవచ్చు. బేస్ గిటార్ ఫ్రెట్లు కొయ్యలో దిగగొట్టినవి. జరిపేందుకు వీలున్నది బ్రిడ్జి వైపు కొస ఒక్కటే.

చివరగా పికప్. తీగ కిందున్న ఈ అయస్కాంతాలు కంపనాన్ని విద్యుత్తుగా మారుస్తాయి. విశాలంగా ఊగే లావు తీగ వాటికి తగలవచ్చు, లేదా మిగతా తీగలను మింగేసేంత గట్టిగా పలకవచ్చు. లావు తీగల వైపు పికప్‌ను కొంచెం కిందికి దించితే నాలుగు తీగలూ సమంగా వినిపిస్తాయి. వాయించే చెయ్యి కూడా మారాలి. బ్రిడ్జికి దగ్గరగా, కాస్త తేలికగా మీటితే ఊపు తగ్గుతుంది, స్వరం స్పష్టంగా పలుకుతుంది. వదులు తీగను బలంగా మీటితే మొదటి క్షణంలో స్వరం పైకి ఎగిరి, తరవాత గాని కిందికి రాదు.

ఎంతదాకా దిగవచ్చు?

తీగలు లావెక్కించే కొద్దీ ఒక హద్దు వస్తుంది. 34 అంగుళాల పొడవులో మరీ లావు తీగ కడ్డీలా మొద్దుబారుతుంది. అమెరికన్ బేస్ వాద్యకారుడు ఆంథొనీ జాక్సన్ మరో దారి వెతికాడు. ఉన్న తీగలను దించకుండా, కింద ‘బి’ తీగను, పైన ‘సి’ తీగను చేర్చి ఆరు తీగల వాద్యాన్ని ఊహించాడు. 1975లో కార్ల్ థాంప్సన్ దాన్ని తయారుచేసి ఇచ్చాడు. అయిదు, ఆరు తీగల బేస్‌లు ఇప్పుడు మామూలైపోయాయి. 1994లో తొలి ఆల్బమ్ తెచ్చిన కోర్న్ బృందంలో ఫీల్డీ తన అయిదు తీగల బేస్‌నూ మరో రెండు స్వరస్థానాలు దించాడు. అందులో అన్నిటికంటే కింది స్వరం సెకనుకు 27న్నర కంపనాలు. పియానోలో ఎడమ చివరి మీట స్వరం అదే. కెనడాకు చెందిన డింగ్‌వాల్ కంపెనీ పొడవునే మార్చింది. దాని వాద్యాల్లో ఫ్రెట్లు విసనకర్ర పుల్లల్లా పరుచుకుని ఉంటాయి, ‘బి’ తీగ పొడవు 37 అంగుళాల దాకా ఉంటుంది. పొడవు పెరిగిన మేరకు తీగ బిగువుగా నిలుస్తుంది.

ఒక్క తీగను ‘డి’కి దించుకునేవారు సెటప్ గురించి బెంగపడనవసరం లేదు. అన్ని తీగలనూ రెండు స్వరస్థానాలు దించేవారు కాస్త లావు తీగలు వేసుకుని, మెడ, ఇంటొనేషన్ చూసుకుంటే చాలు. ‘సి’కి, అంతకన్నా కిందికి దిగేవారికి మాత్రం తీగల నుంచి నట్ దాకా పూర్తి సెటప్ తప్పదు. వారానికోసారి శ్రుతి మార్చుకునే అలవాటు ఉంటే, రెండో బేస్ ఒకటి కిందిశ్రుతి కోసమే పెట్టుకోవడం మంచిది.

మొదటిసారి సొంతంగా చేసేవారికి ఒక సూచన. మొదలుపెట్టేముందు తీగల నంబర్లు, రిలీఫ్, తీగల ఎత్తు, పికప్ ఎత్తు ఒక కాగితం మీద రాసుకోండి. పని ముగిశాక కొత్త కొలతలు పక్కనే రాసి, కాగితాన్ని గిటార్ సంచిలో ఉంచండి. వారం తరవాత కాపో బిగించి మెడను మరోసారి కొలవండి. అప్పటికి కొత్త తీగలు సాగడం ఆగి ఉంటుంది, కొయ్య కూడా కుదురుకుని ఉంటుంది.